కణాలను వేరుచేసే విద్య: ఇంకు చుక్కల నుంచి చిప్ దాకా

కణాలను కొలిచి ఒక్కొక్కటిగా వేరుచేసే యంత్రం ఆస్పత్రిలో పుట్టలేదు. అణుబాంబు తయారైన లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో, ఒక తగాదా తేల్చడానికి పుట్టింది. అప్పటికే వాలెస్ కూల్టర్ పరికరం వాడుకలో ఉంది. అందులో సన్నని రంధ్రం గుండా కణం దూరినప్పుడు విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే కణం పరిమాణానికి కొలత. ఎర్ర రక్తకణాలను ఇలా కొలిస్తే గ్రాఫులో రెండు శిఖరాలు కనిపించేవి. ఎర్ర కణాలు రెండు రకాలని కొందరు వాదించారు.

నిజం తేల్చాలంటే చిన్నవాటినీ పెద్దవాటినీ విడదీసి మళ్లీ కొలవాలి. అందుకు లాస్ ఆలమోస్‌లోని మాక్ ఫుల్వైలర్, ఇంక్‌జెట్ ముద్రణ కోసం స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ రూపొందించిన పద్ధతిని అరువు తెచ్చుకున్నాడు. ద్రవాన్ని చుక్కలుగా చీల్చి, కావలసిన కణమున్న చుక్కకు విద్యుదావేశం ఇచ్చి పక్క గిన్నెలోకి మళ్లించాడు. విడదీసిన ఏ గుంపును కొలిచినా మళ్లీ అవే రెండు శిఖరాలు! తేడా కణాల్లో లేదు, అవి రంధ్రంలోకి ఏ వాటంగా దూరాయన్న దానిలో ఉంది. ఈ యంత్రం వివరాలు 1965లో అచ్చయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌లోనే లియొనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం దీనికి మెరిసే రంగులను, తర్వాత లేజర్‌ను జోడించింది. యంత్రం బాగా పనిచేసింది కానీ ఖరీదైనది, గదిలో పెద్ద భాగాన్ని ఆక్రమించేది.

దాన్ని అరచేతిలోకి తెచ్చినదీ అరువు విద్యే. కంప్యూటర్ చిప్‌లు చెక్కే పద్ధతితో అచ్చు చేసి, దానిపై సిలికోన్ రబ్బరు పోసి, గట్టిపడ్డాక ఊడదీస్తే వెంట్రుకంత సన్నని కాలువలు వస్తాయి. 1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఈ పనిని ఒక్క రోజులో ముగించవచ్చని చూపింది. అంత సన్నని కాలువలో ప్రవాహానికి సుడులుండవు. పక్కపక్కన పారే రెండు ధారలు దాదాపు కలవవు. కాబట్టి ఒక కణాన్ని పక్క ధారలోకి జరపగలిగితే చాలు, అది వేరే దారిన బయటికొస్తుంది.

జరపడానికి ప్రిన్‌స్టన్ శాస్త్రవేత్తలు 2004లో స్తంభాల వరసలు వాడారు. ప్రతి వరసా ముందుదాని కంటే కాస్త పక్కకు జరిగి ఉంటుంది. చిన్న రేణువు స్తంభాల మధ్య మెలికలు తిరుగుతూ ప్రవాహం వెంటే పోతుంది. పరిమాణంలో ఒక హద్దు దాటిన రేణువు మాత్రం ప్రతి స్తంభం దగ్గరా పక్కకు తోయబడుతుంది. 0.8, 0.9, 1.03 మైక్రాన్ల పూసలు 40 సెకన్లలో విడిపోయాయి. జల్లెడకు ఇంత సూక్ష్మత సాధ్యం కాదు, పైగా అది పూడుకుపోతుంది.

ఈ విద్యకు అసలు పరీక్ష కేన్సర్ కణాలు. అవి రక్తంలో తిరుగుతాయని ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ 1869లోనే గమనించాడు. అయితే ఒక మిల్లీలీటరులో దాదాపు 500 కోట్ల ఎర్ర కణాల మధ్య అవి కొన్నే ఉంటాయి. 2007లో బోస్టన్‌లో మెహ్మెట్ టోనర్, డానియెల్ హేబర్, సునీతా నాగ్రత్ తదితరులు సిలికాన్‌పై 78,000 స్తంభాలు చెక్కి, వాటికి యాంటీబాడీ పూత పూశారు. గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున నిదానంగా రక్తం పారిస్తే కేన్సర్ కణాలు స్తంభాలకు అంటుకున్నాయి. 116 నమూనాల్లో 115లో అవి దొరికాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ యాంటీబాడీ గుర్తించే ప్రొటీన్ లేని కేన్సర్ కణాలు జారిపోతాయి. అదే బోస్టన్ బృందం 2013లో దారి మార్చింది. ప్రిన్‌స్టన్ స్తంభాలతో ఎర్ర కణాలను తప్పించి, మిగిలినవాటిని వంపు కాలువలో ఒకే వరసకు తెచ్చింది. గొట్టంలో రేణువులు వాటంతటవే వరస కడతాయన్నది సెగ్రే, సిల్బర్‌బర్గ్ 1961లో చెప్పిన విషయమే. ముందే అయస్కాంత పూసలు తగిలించిన తెల్ల కణాలను చివర పక్కకు లాగేస్తారు. తమ గుర్తింపు ప్రొటీన్ ఎవరూ అడగకుండానే, కేన్సర్ కణాలు ప్రాణంతో బయటికొస్తాయి.