చంద్రగిరి రాజ్యపతనం: వారసత్వ యుద్ధం, అమరనాయకులు, కప్పం

1565 జనవరిలో జరిగిన రక్కసి-తంగడి యుద్ధంతో విజయనగర రాజ్యం అంతరించిందని పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపిస్తుంది. ఆ ఓటమితో నగరం పాడుబడింది గాని, రాచరికం మరో ఎనభై ఏళ్లు నడిచింది. తిరుమలరాయలు పెనుకొండకు తరలిపోగా, రెండవ వేంకటపతిరాయలు (1586–1614) 1592 ప్రాంతంలో చంద్రగిరిని రాజధాని చేసుకున్నాడు. పెనుకొండను ముట్టడించిన గోల్కొండ సేనను తిప్పికొట్టాడు, ఎదురుతిరిగిన నాయకులను అణచాడు, నాణేలపై వేంకటేశ్వరుని ముద్ర వేయించాడు.

అయితే రాజ్యం నడిచిన తీరులోనే బలహీనత ఉంది. రాజు ఇచ్చిన భూములు అనుభవించే అమరనాయకులు సైన్యాన్ని పోషించాలి, కప్పం కట్టాలి, పిలిచినప్పుడు దండుతో రావాలి. ఆ కప్పం రాబట్టడానికి రాజు దగ్గర సైన్యం ఉండాలి. సైన్యానికి జీతాలివ్వడానికి కప్పం రావాలి. ఉత్తరాది సీమలు పోయాక ఈ ఏర్పాటు తప్ప సింహాసనానికి వేరే ఆధారం మిగల్లేదు.

దాన్ని తెంచింది శత్రువు కాదు, వారసత్వ యుద్ధం. 1614 అక్టోబరులో వేంకటపతిరాయలు మరణించగానే, ఆయన ఎంచుకున్న శ్రీరంగరాయలను రాణి సోదరుడు గొబ్బూరి జగ్గరాయడు బంధించి, కుటుంబంతో సహా చంపించాడు. 1616 డిసెంబరులో కొచ్చి నుంచి జెసూట్ పాద్రీ బర్రదాస్ రాసిన లేఖ ప్రకారం, శ్రీరంగరాయల కొడుకుల్లో ఒకణ్ణి మాత్రం ఒక చాకలి బట్టల మూటలో దాచి కోట దాటించాడు. ఆ బాలుడే రామదేవరాయలు. అతని పక్షాన వెలుగోటి యాచమనాయుడు, తంజావూరు రఘునాథనాయకుడు నిలవగా, మధుర, సెంజి నాయకులు జగ్గరాయడితో చేరారు. తోపూరు యుద్ధంలో జగ్గరాయడు హతుడయ్యాడు. రామదేవరాయలకు సింహాసనం దక్కింది గాని, రాజును నిలబెట్టాలన్నా కూలదోయాలన్నా తమ చేతుల్లోనే ఉందని నాయకులకు తెలిసిపోయింది. పతనానికి అసలు మలుపు ఇదేననడం సమంజసం.

తర్వాతి కథ వేగంగా సాగింది. 1638లో మూడవ శ్రీరంగరాయలు, అప్పటి రాజు మీదికి స్వయంగా బీజాపూరు సేనను రప్పించాడు. 1642లో తానే రాజయ్యాక మధుర, తంజావూరు, సెంజి నాయకులు అతనికి ఎదురుతిరిగారు. బీజాపూరు, గోల్కొండ సేనలు రెండువైపుల నుంచి కమ్ముకొచ్చినప్పుడు వాళ్ల దండ్లు రాజుకు తోడు రాలేదు. చంద్రగిరి, వేలూరు రెండూ చేజారాయి. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటనూ పట్టాడు. శ్రీరంగరాయలు ఇక్కేరి శివప్పనాయకుని ఆశ్రయం కోరాడు. రాజుకు అడ్డం తిరిగిన సెంజి నాయకులు కూడా నిలవలేదు. 1649లో సెంజి కోట బీజాపూరు వశమైంది.