మనియార్డరు నుంచి ఫోను తాకించే దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం రాయమని కార్యవర్గం వారు కోరారు. కోటల గురించో రాజుల గురించో రాసేకంటే మన చేతుల మీదుగా నడిచిన చరిత్రనే రాయడం ఉచితమని నాకు తోచింది. పైగా నెలవారీ సమావేశాల్లో మన సభ్యులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. “ఫోనుతో డబ్బు చెల్లించడానికి ఇన్ని యాప్‌లు వచ్చాయి గదా, మనవంటి వారు ఏది పెట్టుకోవాలి?” అని. దీనికి జవాబు చరిత్రలోనే దొరుకుతుందని నా అభిప్రాయం.

మన దేశంలో తపాలా కార్యాలయాలు మనియార్డర్లు తీసుకోవడం 1880లో మొదలైంది. నేను 1978లో శాఖలో చేరేనాటికి పల్లెల్లో ఎందరికో నెల గడవడానికి ఆధారం అదే. పట్నంలో కొడుకు ఫారం నింపి కౌంటరులో రొక్కం కట్టేవాడు, రసీదు తీసుకునేవాడు. పోస్టుమాన్ తల్లి గడపలో నిలబడి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఆమెకు సంతకం రాకపోతే వేలిముద్ర వేయించి, పక్కన సాక్షి చేత సంతకం పెట్టించేవాడు. ముట్టినట్టు చీటీ తిరిగి కొడుకుకు చేరేది. ఆలస్యం ఉండేది, కమీషను ఉండేది. కానీ సొమ్ము సరైన చేతికి చేరిందా లేదా అని చూసే బాధ్యత గుమాస్తాది, పోస్టుమాన్‌ది, సాక్షిది. డబ్బు పంపినవాడు నిశ్చింతగా ఉండేవాడు.

తర్వాతి చరిత్ర అంతా ఈ మధ్య మనుషులు ఒక్కొక్కరే తప్పుకున్న చరిత్ర. 1987లో బొంబాయిలో మన దేశపు మొదటి ఏటీఎం వచ్చింది. కౌంటరు గుమాస్తా తప్పుకున్నాడు. 1996లో రిజర్వు బ్యాంకు మన హైదరాబాదులో ఐడీఆర్‌బీటీ అనే సంస్థను నెలకొల్పింది. ఒక బ్యాంకు కార్డుతో మరో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే జాతీయ ఏర్పాటు 2004లో ఆ సంస్థ నుంచే వచ్చిందని తెలుగువారం గర్వంగా చెప్పుకోవచ్చు. 2008లో ఏర్పడిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆ పనిని తర్వాత తన చేతికి తీసుకుంది. అదే సంస్థ 2010లో తక్షణ బదిలీని, 2016 ఏప్రిల్ 11న యూపీఐని తెచ్చింది. ఆ ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక ఫోను చెల్లింపులు ఇంటింటికీ వచ్చాయి. డిసెంబరు 30న భీమ్ యాప్ విడుదలైంది.

ఇక్కడ చాలామంది తికమకపడుతున్న సంగతి ఒకటి ఉంది. వాలెట్ వేరు, యూపీఐ యాప్ వేరు. వాలెట్ అంటే మన డబ్బును ముందే ఒక సంస్థ దగ్గర పోసి, అందులోంచి ఖర్చు పెట్టుకోవడం. యూపీఐలో డబ్బు మన బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. యాప్ కేవలం కబురు మోస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. బ్యాంకు కాని సంస్థ నడిపే వాలెట్‌లోని నిల్వకు ఆ బీమా లేదు. 2024 మార్చి 15 తర్వాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు వాలెట్లలో కొత్తగా డబ్బు వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించినప్పుడు, ఉన్న నిల్వను వాడుకోనిచ్చారు గాని, దానికే అలవాటుపడిన వారు మరో దారి వెతుక్కోవలసి వచ్చింది. సొమ్ము ఎవరి దగ్గర నిలిచి ఉంది అన్నదే మొదటి ప్రశ్న.

ఇక ఫోనును యంత్రానికి తాకించి చెల్లించే పద్ధతి. దీనికి మూలమైన ఎన్‌ఎఫ్‌సి అనే విద్యను సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 2002లో కలిసి రూపొందించాయి. జపాను వారు 2004 నాటికే ఫోనును పర్సుగా వాడారు. అమెరికాలో 2011లో గూగుల్, 2014లో ఆపిల్ దీన్ని తెచ్చాయి. మన దేశానికి శామ్‌సంగ్ 2017లో తెచ్చింది. యంత్రానికి కొద్ది అంగుళాల దూరంలో ఉంటేనే ఇది పనిచేస్తుంది. దుకాణదారుకు మన కార్డు అసలు నంబరు పోదు. దానికి బదులు ఒక మారు నంబరు పోతుంది. ఆ విధంగా చూస్తే కార్డు చేతికివ్వడం కంటే ఇదే మేలు. కార్డునే తాకిస్తే పిన్ లేకుండా 5,000 రూపాయల దాకా చెల్లించే వీలును 2021 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు కల్పించింది. ఆ సదుపాయం అక్కరలేని వారు బ్యాంకు యాప్‌లో దాన్ని ఆపుకోవచ్చు.

ఇక ఎంపిక సంగతి. నా మనవి ఇది.

మొదట, ఫోను సెట్టింగుల్లో ఎన్‌ఎఫ్‌సి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే చింత లేదు. దుకాణంలోని గళ్ల బొమ్మను ఫోటో తీసి చెల్లించే పద్ధతికి ఏ ఫోనైనా చాలు. పైగా ఆ పద్ధతిలో పిన్ కొట్టే ముందు డబ్బు అందుకునేవారి పేరు తెరమీద కనబడుతుంది. పాత రోజుల సాక్షి స్థానంలో మనకు మిగిలింది ఆ పేరు ఒక్కటే. తాకించేటప్పుడైతే యంత్రం మీది మొత్తాన్ని చదివాకనే ఫోను దగ్గరికి చేర్చండి.

రెండవది, పింఛను ఖాతాను ఏ యాప్‌కూ కలపవద్దు. ఇంకొక పొదుపు ఖాతా తెరిచి, నెల ఖర్చుకు సరిపడా అందులో వేసి, దాన్నే కలపండి. పాలు, కూరగాయల వంటి చిల్లర ఖర్చులకు 2022లో వచ్చిన యూపీఐ లైట్ అనుకూలం. పిన్ అడగదు కాబట్టి అందులో కొద్ది మొత్తమే ఉంచండి. ఫోను మార్చే ముందు ఆ నిల్వను ఖాతాకు తిరిగి పంపుకోండి.

మూడవది, రెండు మూడు యాప్‌లు వద్దు. ఒక్కటే పెట్టుకోండి. తెలుగులో చదువుకోవడానికి వీలైనది, ఎవరికి ఎంత ఇచ్చామో పాసుబుక్కులా తేటగా చూపేది మనకు మంచి యాప్. బహుమతుల మాట చూసి ఎంచుకోకండి. డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదు; అడిగారంటే మోసమే. మోసం జరిగితే వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోను చేయండి.

చివరగా కుటుంబ సభ్యులకు ఒక మాట. పెద్దల ఫోనులో యాప్ మీరే పెట్టి, పిన్ మీరే దాచుకోవడం సహాయం కాదు. పక్కన కూర్చుని నాలుగుసార్లు వారి చేతనే చేయించండి. గుమాస్తా, పోస్టుమాన్, సాక్షి చేసిన పనులు మూడూ ఇప్పుడు ఒక్క ముసలి చేతి మీద పడ్డాయి. ఆ చెయ్యి తొందరపడకుండా పనిచేసేందుకు తోడుగా ఉండటమే మీరు చేయగల మేలు.