శాంతి భద్రతలు – మహిళల పాత్ర: హైదరాబాద్ పాతబస్తీ అనుభవం

లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• ఐక్యరాజ్యసమితి 1325వ తీర్మానం ప్రాధాన్యాన్ని వివరించగలుగుతారు.
• దానిని పాతబస్తీ మహిళల అనుభవంతో పోల్చి చూడగలుగుతారు.

1. చారిత్రక నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, 1915లో హేగ్ నగరంలో అంతర్జాతీయ మహిళా మహాసభ జరిగింది. 12 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా మహిళలు హాజరై, మధ్యవర్తిత్వం ద్వారా యుద్ధాన్ని ముగించాలని కోరారు. అయినా 1919 పారిస్ శాంతి సమావేశంలో వారికి అధికారిక ప్రతినిధులుగా స్థానం దక్కలేదు. చివరకు 2000 అక్టోబరు 31న భద్రతా మండలి 1325వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. దీనిలోని అంశాలను సాధారణంగా నాలుగుగా చెబుతారు: భాగస్వామ్యం, రక్షణ, నివారణ, సహాయ పునరావాసాలు.

2. పాతబస్తీ అనుభవం

ఈ తీర్మానం సాయుధ సంఘర్షణలకు సంబంధించినది. నగరంలోని మతకల్లోలం యుద్ధం కాదు. కాని రెండింటిలోనూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: భద్రత అంటే ఏమిటో నిర్ణయించేది ఎవరు?

1990 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగిన కల్లోలాల్లో వందమందికి పైగా మరణించారు. పాతబస్తీలో కర్ఫ్యూ విధించారు. ఇక్కడ ఎందరో మహిళలు ఇంటి వద్దే లక్క గాజులు, జర్దోజీ, అగరబత్తీల పని చేస్తారు. చేసిన పనిని బట్టే వారికి కూలి. కర్ఫ్యూలో ముడిసరుకు రాదు, తయారైన సరుకు పోదు, ఆ పూట పొయ్యి వెలగదు. ప్రభుత్వ దృష్టిలో కర్ఫ్యూ భద్రతా చర్య. ఈ మహిళలకు అది ఆకలి.

ఆ తరువాతి సంవత్సరాల్లో స్వచ్ఛంద సంస్థల సమాఖ్య అయిన ‘కోవా’ పాతబస్తీలో మత సామరస్యాన్ని మహిళల ఉపాధితో ముడిపెట్టి కృషి చేసింది. దీని వెనుక ఉన్న తర్కాన్ని గమనించండి. కలిసి పనిచేసే మహిళకు పక్క వీధిలో పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఉంటుంది. వదంతి వచ్చినప్పుడు నిజమేమిటో అడిగి తెలుసుకునే దారి ఉంటుంది. నివారణ అంటే ఇదే.

3. పరిమితులు

ఉపాధి దొరికినంత మాత్రాన భాగస్వామ్యం లభించినట్లు కాదు. పండుగలకు, ఊరేగింపులకు ముందు జరిగే శాంతి కమిటీ సమావేశాలకు ఎవరిని పిలుస్తున్నారు, ఎవరి మాట వింటున్నారు అన్నదే అసలు పరీక్ష. హేగ్ మహిళలు ఎదుర్కొన్నదీ ఈ పరీక్షనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1325వ తీర్మానంలోని నాలుగు అంశాలను పేర్కొనండి.
2. మీ ప్రాంతంలోని శాంతి కమిటీలో మహిళలు ఎందరున్నారో తెలుసుకొని, వారి పాత్రపై పది పంక్తులు రాయండి.