సంఘశక్తి – అమెరికా రిజర్వు సైనికాధికారుల చరిత్ర

1775వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు సీమలో లెక్సింగ్టన్, కాంకర్డు అను ఊళ్ళయొద్ద బ్రిటిషు సైన్యము నెదిరించినవారు వృత్తిసైనికులు కారు. వారు సేద్యగాండ్రు, కమ్మరులు, వర్తకులు. పిలుపు వినిన నిమిషములోనే తుపాకి చేతబట్టి బయలుదేరుటకు సిద్ధముగా నుందురు గనుక వారిలో కొందరికి ‘మినిట్ మెన్’ అను పేరు కలిగినది. శాంతికాలమున పౌరుడుగాను, ఆపత్కాలమున సైనికుడుగాను ఒక్క మనుష్యుడే దేశమును సేవింపవచ్చునను భావము ఆ దేశమున నాటినుండియు వేరూనినది.

ఈ భావమునకు 1916వ సంవత్సరపు జాతీయ రక్షణ చట్టము ఒక శాసనరూపము నిచ్చినది. దానివలన రిజర్వు అధికారుల దళము ఏర్పడినది. రిజర్వు అధికారి యనగా సైన్యమునందు అధికారిగా నియామకపత్రము పొందియు, సామాన్యదినములలో తన వృత్తిని తాను చేసికొనుచు, ప్రభుత్వము పిలిచినపుడు కొలువునకు పోవువాడు. 1918లో మొదటి ప్రపంచయుద్ధము ముగియగా వేలకొలది అధికారులు ఇండ్లకు మరలిరి. ఒకడు న్యాయవాది, ఒకడు ఉపాధ్యాయుడు, వేరొకడు రైతు. 1920లో సవరింపబడిన చట్టము దేశరక్షణలో రిజర్వునకు ముఖ్యస్థానము నిచ్చినను, శిక్షణకు నిధులు మాత్రము మిక్కిలి స్వల్పముగా మంజూరగుచుండెను. వాడని కొడవలి తుప్పుపట్టినట్లు నేర్చిన విద్య మరుగుపడసాగెను. నిత్యసైనికునకు శిబిరము కలదు. కష్టము చెప్పుకొనుటకు పై అధికారి కలడు. ఊరూర చెదరియున్న రిజర్వు అధికారికి ఎవరు కలరు?

ఈ ప్రశ్నకు సమాధానముగా 1922 అక్టోబరు 2వ తేదీన వాషింగ్టను నగరమున రిజర్వు అధికారుల సంఘము స్థాపితమైనది. నాటి సైన్యాధ్యక్షుడైన జనరల్ పెర్షింగు దానికి అండగా నిలిచెను. చందా చెల్లించి సభ్యుడైనవాడు ఏమి పొందెను? తనవంటివారి సాహచర్యమును, సైనికవిషయముల జ్ఞానమును, అన్నిటికంటె మిన్నగా శాసనకర్తలకు వినబడగల కంఠమును పొందెను.

మిస్సోరి రాష్ట్రమునకు చెందిన హారీ ట్రూమను చరిత్ర ఇందుకు తార్కాణము. ఆయన మొదట రైతు. 1918లో ఫ్రాన్సు దేశమున ఫిరంగిదళమునకు కెప్టెనుగా నుండెను. తిరిగివచ్చి పెట్టిన వస్త్రముల అంగడి 1922లో మూతపడినది. అట్టి కష్టకాలమునను ఆయన రిజర్వు కొలువును విడువక, కాన్సాస్ సిటీ ప్రాంతపు అధికారులను సంఘటితపరచుటలో పాల్గొనెను. క్రమముగా కర్నలు పదవి నందెను. 1945లో దేశాధ్యక్షుడయ్యెను.

సంఘము పాటుపడిన విషయములలో పింఛను ముఖ్యమైనది. దీర్ఘకాలము రిజర్వులో సేవచేసినను వృద్ధాప్యమున ఆధారము లేని స్థితి యుండెను. 1948 జూన్ 29వ తేదీ చట్టము ఈ లోపమును తీర్చినది. అర్హమైన 20 సంవత్సరముల సేవ కలవారికి 60 ఏండ్లు నిండగానే భృతి లభించునట్లు అది ఏర్పరచినది.

1950 జూన్ 25న కొరియా యుద్ధము ఆరంభమైనది. ఐదు దినములకు, జూన్ 30న, ఈ సంఘమునకు శాసనసభ యిచ్చిన గుర్తింపుపత్రముపై ట్రూమను సంతకము చేసెను. దేశమునకు తగిన రక్షణవిధానము నెలకొల్పుటకు తోడ్పడుటయే సంఘధ్యేయమని అందు నిర్దేశింపబడినది. ఆ యుద్ధముననే రిజర్వువారికి గొప్ప కష్టము సంభవించినది. జీతముతో కవాతు చేయుచున్నవారు పెక్కుమంది యుండగనే, జీతము లేక పట్టికలో పేరు మాత్రమున్నవారిని ముందుగా పిలిచిరి. వారిలో అనేకులు రెండవ ప్రపంచయుద్ధమున పోరాడివచ్చి అప్పుడప్పుడే కాపురములు చక్కబెట్టుకొనుచున్నవారు. ఈ అసంతృప్తి ఫలితముగా 1952లో మరియొక చట్టము వచ్చినది. ఎవరిని ముందు పిలువవలెను, ఎవరిని తరువాత పిలువవలెను అను క్రమమును అది నిర్ణయించినది.

ఒంటరివాని మొర ఎంత న్యాయమైనదైనను గుమ్మము దాటదు. పదివేలమంది కలిసి చెప్పినమాట సభలో ప్రవేశించును. అయితే సంఘము తన లాభమునే కోరినచో లోకము దానిని ఆదరింపదు. సభ్యుని మేలును దేశక్షేమమును కలిసియున్నచోటనే సంఘమునకు గౌరవము. 1968లో వాషింగ్టనులో నెలకొల్పిన తన భవనమునకు ఈ సంఘము ఆనాటి రైతుసైనికుల పేరనే ‘మినిట్ మ్యాన్’ స్మారకభవనమని నామకరణము చేసినది. అధికారులకే పరిమితమైన సభ్యత్వము తరువాతికాలమున సామాన్యసైనికులకును లభించినది.

గ్రంథాలయములకు ఈ సత్యము క్రొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినపుడు ఊరూర ఒంటరిగానున్న పుస్తకశాలలు ఒక్క ఉద్యమముగా రూపొందినవి. చందాదారు డిచ్చునది కొలది పైకమే. కాని అది తన తరువాత వచ్చువారికిని నిలుచు సొత్తు.