సంవత్సరం లేని కరపత్రాలు

తెలుగు నాటకరంగ చరిత్రలో బళ్ళారిది పెద్దపీట. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి ‘చిత్రనళీయం’ 1887లో రంగమెక్కింది ఆ ఊళ్ళోనే. కోలాచలం శ్రీనివాసరావు గారు నాటకాలు రాసిందీ అక్కడే. తరువాతి తరంలో రాఘవ (1880-1946) తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ నటించి, ఊరి పేరే ఇంటిపేరుగా ప్రసిద్ధి పొందారు.

ఈ పెద్దల పేర్లు గ్రంథాలకెక్కాయి. మరి వారి పక్కన చెలికత్తె వేషం కట్టిన గుమాస్తా, హార్మోనియం వాయించిన మనిషి, తెరలు రాసిన చిత్రకారుడు? వారి పేర్లు ఉంటే గింటే ఆనాడు పంచిన కరపత్రంలోనే ఉండాలి. అందుకే ఆ చిత్తుకాగితం చరిత్రకు ఆధారం.

చిక్కేమిటంటే చాలా కరపత్రాల్లో తేదీ, వారం ఉంటాయి గాని సంవత్సరం ఉండదు. రేపటి ఆటకు సంవత్సరం ఎవరు అచ్చువేస్తారు? అంతమాత్రాన అవి పనికిరానివి కావు. ‘ఆగస్టు 2, శనివారం’ అని ఉందనుకుందాం. 1915, 1945 మధ్య ఆ తేదీన శనివారం పడింది నాలుగేళ్ళలోనే: 1919, 1924, 1930, 1941. నటుల పేర్లను బట్టి ఆ నాలుగింటినీ ఇంకా తగ్గించవచ్చు.

టిక్కెట్టు ధరలూ సాక్ష్యం చెబుతాయి. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలంటే 1957, 1964 మధ్యది. చిరునామాలో మైసూరు రాష్ట్రం అని ఉంటే, బళ్ళారి వరకు అది 1953 అక్టోబరు 1కి తరువాత, 1973 నవంబరు 1న కర్ణాటక అని పేరు మారక ముందు వేసినదై ఉంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ముద్రాపకుని పేరును కత్తిరించకూడదు. 1867 నాటి చట్టం ప్రకారం ముద్రాపకుని పేరూ, అచ్చయిన ఊరూ వేయాల్సి ఉండేది కాబట్టి, ఆ ఒక్క వరుస ఊరి అచ్చుకూటాల చరిత్రకూ ఆధారమే.

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి, బళ్ళారి మైసూరులోకి వెళ్ళాయి. హద్దు గీశాక ఊరి చరిత్రను ఒకే భాష కథగా చెప్పుకోవడం తేలిక. ఒకే ఊళ్ళో రెండు భాషల ఆటలూ ఆడాయనడానికి మాట చాలదు, కాగితం కావాలి.

ఇది బళ్ళారికే కాదు, పర్లాకిమిడికీ మద్రాసుకూ వర్తిస్తుంది. మీ ఇంట పాత పెట్టెల్లో, పుస్తకాల మడతల్లో ఇలాంటివి కనిపిస్తే సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. జిగురు మరక వదలదు, లామినేషన్ చేసినది మళ్ళీ ఊడిరాదు. రెండు వైపులా ఫొటో తీసి, ఎవరింట దొరికిందో విడిగా ఒక చీటీమీద రాసి జతచేయండి. చెలికత్తె వేషం కట్టిన ఆ గుమాస్తాకు మనుమలు ఇంకా మన మధ్యనే ఉండవచ్చు.