మెటల్ డిటెక్టరుకి వినపడనివి

చిన్నప్పుడు నాకు వర్జీనియా అంటే అమెరికాలో ఒక రాష్ట్రమని తెలీదు. వర్జీనియా అంటే పొగాకు, అంతే. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తీరా ఉద్యోగం పేరు చెప్పి ఆ పేరు పుట్టిన చోటికే వచ్చి పడ్డాను.

మా టీములో ఒకాయనకి మెటల్ డిటెక్టరు పిచ్చి. ఓ శనివారం నన్నూ వెంటేసుకుని వాళ్ళ బంధువుల పొలానికి తీసుకెళ్ళాడు. (సొంతదారు ఒప్పుకున్న పొలం కాబట్టి సరిపోయింది, ఇక్కడి జాతీయ పార్కుల్లో అయితే నేరం.) మిషను కుయ్యిమన్న చోటల్లా తవ్వాం. నాలుగ్గంటల కష్టానికి ఫలితం తుప్పు పట్టిన మేకులు, ఒక గుండీ, లెక్కలేనన్ని సీసా మూతలు. ఆ మేకుల కోసం తీసిన గుంటల్లోనే మిషను చెప్పనివి ఐదు బయటపడ్డాయి. తెల్లగా, సుద్దముక్కల్లా ఉన్నాయి, మధ్యలో సన్నటి బెజ్జం. "మట్టి పైపు కాడలు. డబ్బులు రావు, పారెయ్" అన్నాడాయన. నేను జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి చదవడం మొదలెట్టాక తెలిసింది, నా జేబులో ఉన్నదేంటో. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ జేమ్స్‌టౌన్‌లో పొగాకు వేసి లాభాలు చూపించాడు. ఆ తర్వాత ఈ కాలనీలో పొగాకే పంట, పొగాకే డబ్బు. 1619లో మొదటి ఆఫ్రికన్లను ఇక్కడ ఓడలోంచి దించారు. దొర, కూలీ, బానిస, ఆడ, మగ తేడా లేకుండా అందరూ తాగింది ఈ మట్టి పైపులే. చవక, పైగా ఇట్టే విరిగిపోతాయి. మనం టీ తాగి కప్పు పారేసినట్టు పారేసేవాళ్ళు.

ఇక మనలాంటి వాళ్ళకి నచ్చే భాగం. జేమ్స్‌టౌన్‌లో తవ్వకాలు చేసిన హారింగ్టన్ అనే ఆయన డ్రిల్ బిట్లతో కాడల బెజ్జాలు కొలిచి 1954లో ఒక సంగతి బయటపెట్టాడు. కాలం గడిచేకొద్దీ కాడలు పొడుగయ్యాయి, బెజ్జం సన్నబడింది. 1620-50 మధ్య ఎక్కువగా అంగుళంలో 8/64 వంతు ఉండేది, 1750 తర్వాత 4/64 వంతుకి వచ్చింది. కొన్నేళ్ళకి బిన్‌ఫోర్డ్ దీనికి లీనియర్ రిగ్రెషన్ తగిలించాడు. సగటు బెజ్జాన్ని 38.26తో గుణించి 1931.85లోంచి తీసేస్తే సంవత్సరం వస్తుంది!

వెంటనే గరాజ్‌లో డ్రిల్ బిట్లు పట్టుకుని కూర్చున్నాను. మూడు కాడలు 6, రెండు 5. సగటు 5.6. జవాబు 1717.6. ఐదు ముక్కలతో ఈ లెక్క నిలవదని తెలుసు, దానికి వందల్లో కావాలి. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు :)

ఆ సంతోషం మర్నాటిదాకానే. మేరీలాండ్‌లో బెల్వోయిర్ అనే ఎస్టేటులో బానిసలు బతికిన చోట దొరికిన ఒక పైపు కాడ గురించి చదివాను. సచ్ఛిద్రమైన మట్టి కదా, ఉమ్ము పీల్చుకుంది. అందులోంచి డీఎన్ఏ తీశారు. తాగింది ఒక స్త్రీ. నేటి సియెర్రా లియోన్‌లోని మెండే జనంతో ఆమెకి దగ్గర పోలికలు కనిపించాయని 2019లో ప్రకటించారు. ఆమె పేరేంటో తెలీదు. ఏ దేశం నుంచి తెచ్చారో యజమానులకి అనవసరం. ఒక విరిగిన కాడ మాత్రం చెప్పింది.

మరి నేను చేసిన పనేంటి? ఇంటికి రాగానే ఐదింటినీ సింకులో వేసి, సబ్బు పెట్టి, పాత టూత్‌బ్రష్షుతో శుభ్రంగా రుద్దాను. ఏమన్నా మిగిలి ఉంటే అది కాస్తా డ్రైనేజీలోకి పోయింది. అంతకన్నా పెద్ద తప్పు, అన్నీ కలిపి ఒకే జేబులో వేయడం. టైమ్‌స్టాంపులు, సర్వర్ పేర్లు చెరిపేసిన లాగ్ ఫైలు ఇచ్చి బగ్ పట్టుకోమంటే మనమేం అంటాం? దండుగ అంటాం. సరిగ్గా అదే చేశాను. నాణెం ఒంటరిగా దొరికినా తన మీద అచ్చయిన సంవత్సరం చెబుతుంది. కానీ నాణేలు పోగొట్టుకునే స్తోమత ఎందరికుంది? లేనివాళ్ళ చరిత్రంతా ఏ వస్తువు, ఎంత లోతులో, దేని పక్కన ఉందన్న దాంట్లోనే ఉంటుంది. కదిపితే పోతుంది.

ఆ గుంటల్లో మేకులు కూడా వచ్చాయన్నాను కదా. మేకులుంటే అక్కడ ఒక గుడిసె ఉండి ఉండొచ్చు. ఎవరిదో!

ఐదు ముక్కలూ ఇప్పుడు నా టేబుల్ మీద మెరుస్తున్నాయి. ఏది ఏ గుంటలో దొరికిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రావట్లేదు.