ఎద్దుల లెక్క

మా నాయిన కుడికాలికి బొటనవేలు లేదు. పక్కనున్న రెండు వేళ్లు అతుక్కుపోయి ఉంటయి. నేను మూడో తరగతి చదివే రోజుల్లో, బార్కస్ అవతలి గుట్టల్లో ఒక క్వారీలో కడీ జారి ఆయన కాలి మీద పడ్డది. పొలాల చుట్టూ, జాగల చుట్టూ పాతే పొడుగాటి రాతి స్తంభాన్ని మా దిక్కు కడీ అంటరు. నెల రోజులు మంచంల ఉన్నడు. పరిహారం అడగనీకి మా అవ్వ, మేనమామ పోతే క్వారీ గుమస్తా హాజరు పుస్తకం తెరిచిండట. ఆ దినం కింద మేస్త్రి పేరు ఉన్నది. పక్కన 'జనం 11' అని ఉన్నది. అంతే. ఆ పదకొండు మందిలో మా నాయిన ఒకడని చెప్పే అక్షరం ముక్క ఎక్కడా లేదు. అవ్వకు చదువు రాదు, మామకు రాదు. చదవరాని పుస్తకంలోకి తొంగిచూసి ఇద్దరూ తిరిగొచ్చిన్రు.

మాది పాలమూరు. మాదిగలం. మా తాత మోట కుట్టేటోడు, చెప్పులు, వార్లు, చెర్నకోలలు చేసి దొర ఇంటికి ఊరికే ఇచ్చేటోడు. బాయిల మీదికి కరెంటు మోటర్లు వచ్చినంక మోటతో పని లేకపోయింది. మా నాయిన వలస కూలీలతో పట్నం వచ్చి బార్కస్ వెనక గుట్టల అంచుకు గుడిసె వేసిండు. బార్కస్ అంటే బ్యారక్స్. నిజాం ఫౌజులో చేరిన అరబ్బులు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినోళ్లు, ఉన్న జాగ. వాళ్ల వారసులు ఇప్పటికీ ఇక్కడే ఉన్నరు. వాళ్లది బందూకు పట్టనీకి వచ్చిన వలస, మాది గడ్డపార పట్టనీకి వచ్చిన వలస. మా ఇంట్ల బడి మెట్టు దాటి డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఇదే దిక్కు ఒక సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్తున్న.

ఒకనాడు కుతుబ్‌షాహీల పాఠం చెప్తున్న. మహమ్మద్ కులీ 1591లో చార్మినార్ కట్టించెను, ఆయన తర్వాత వచ్చిన మహమ్మద్ కుతుబ్‌షా 1617లో మక్కా మసీదుకు పునాది వేసెను, ఔరంగజేబు కాలంలో 1694లో అది పూర్తయ్యెను. ఇట్ల కట్టించెను, వేసెను అని చెప్పుకుంట పోతుంటే వెనక బెంచి నుంచి ఒక వడ్డెర పిలగాడు లేచిండు. "సార్, మక్కా మసీదులో రాళ్లు గంత పెద్దగున్నయి గద. అప్పుడు క్రేన్లు లేకుండె. ఎట్ల తెచ్చిన్రు?"

"కూలీలు తెచ్చిన్రు" అన్న.

"ఎవలు తెచ్చిన్రని కాదు సార్. ఎట్ల తెచ్చిన్రు?"

నాకు జవాబు రాలేదు. గంట కొట్టిన్రు, బతికిపోయిన.

ఆ రాత్రంతా ఆ మాటే మెదిలింది. తాజ్‌మహల్ కూలీలెవరని శ్రీశ్రీ అడిగిన ప్రశ్న డిగ్రీలో అందరం చదివినోళ్లమే. సభల్లో ఆ ప్రశ్నకు చప్పట్లు పడతయి. చప్పట్లు కొట్టినంక ఎవరింటికి వాళ్లు పోతరు. 'ఎవరు' అని అడిగితే పేరు దొరకదు, అక్కడికే ఆగిపోతం. ఆ పిలగాడు అడిగింది 'ఎట్ల' అని. పని ఎట్ల జరిగిందో తెలిస్తే చేసినవాడు ఏ గూడెంల ఉండేటోడో బయటపడతది కదా అనిపించింది.

మక్కా మసీదు గురించి అందరూ చెప్పే కథ ఒకటున్నది. ఎన్నడూ నమాజు తప్పనివాడే పునాది రాయి వెయ్యాలని సుల్తాను ప్రకటిస్తే ఎవ్వరూ ముందుకు రాలేదట. చివరికి తనే వేసిండట. అంటే ఆ రాళ్లల్లో ఒక్క రాయి వేసినోని పేరైతే మనకు తెలుసు! తక్కిన వాటి సంగతి లైబ్రరీలో వెతికితే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ దగ్గర దొరికింది. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చినవాడు. ఆయన పుస్తకం ఫ్రెంచిలో 1676లో అచ్చయింది. వాలెంటైన్ బాల్ ఇంగ్లీషులోకి మార్చింది 1889లో. మసీదును ఆయన పగోడా అని రాసిండు, అది వేరే సంగతి. ప్రార్థన చేసే దిక్కు గూడుకు పెట్టిన రాయి ఒకే బండ అనీ, దాన్ని గనిలోంచి తియ్యనీకి అయిదేండ్లు పట్టిందనీ, 500 నుంచి 600 మంది ఎడతెగకుండ పనిచేసిన్రనీ రాసిండు. బండి మీదికి దొర్లించి మసీదు దాకా తెచ్చేసరికి ఇంకా ఎక్కువ కాలం పట్టిందట. లాగినయి 1400 ఎద్దులని అక్కడివాళ్లు ఆయనకు చెప్పిన్రట.

గనిలో పనిచేసినోళ్లకు ఒక ఉజ్జాయింపు లెక్కన్నా దక్కింది. తొవ్వ పొడుగూత ఎద్దుల్ని తోలినోళ్లకు అదీ లేదు. ఎద్దులు 1400. మా నాయిన హాజరు పుస్తకం యాదికొచ్చింది.

ఆదివారం నాడు వాకిట్ల కూసున్న నాయినకు ఈ ముచ్చట చెప్పిన. చాలాసేపు ఏం మాట్లాడలేదు. బీడీ అయిపోయినంక లేచి గడ్డపార తెచ్చిండు. మా అవ్వ కారం నూరే రోలు ఉన్నది. గడ్డపార మొన దాని కిందికి దూర్చి, మొన వెనక చిన్న రాయి ఆనించి, పిడి దిక్కు వంగిండు. రోలు ఒక పక్క బెత్తెడు లేచింది. "చెక్క పెట్టు" అన్నడు. పెట్టిన. రెండో పక్క లేపిండు. "ఇంకోటి పెట్టు." అట్ల అటు ఇటు లేపుకుంట, కింద చెక్కలు పేర్చుకుంట పోతే అరగంటల రోలు మోకాలెత్తుకు వచ్చింది. అరవై దాటిన మనిషి, మూడు వేళ్లు చెడిపోయిన కాలు.

"రాయిని ఎవడూ ఎత్తడు కొడుకా. ఎత్తుదామన్నోడు సస్తడు. దాన్ని జరుపుతరు, దొర్లిస్తరు, నడిపిస్తరు."

"మరి బండి మీదికి?"

"బండిని ఎత్తు మీద పెట్టి రాయిని పైకెందుకు ఎక్కిస్తవు? గుంత తవ్వి బండినే కిందికి దింపు. రాయి ఉన్న కాడికెల్లి జారుతది. తర్వాత గుంతకు వాలు కొట్టి ఎద్దుల్ని కట్టు."

బీఎడ్‌లో నాకు సరళ యంత్రాల పాఠం ఉండె. ఆధారం, భారం, బలం అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న. ఈ మనిషి ఆ మాటలు ఒక్కటీ ఎరగడు.

గని పని కూడ ఆయనే చెప్పిండు. బండ మీద మంట పెట్టి కాలబెడితే పొర లేస్తది. వరుసగ గుంతలు కొట్టి ఉలులు దిగ్గొట్టుకుంట పోవాలె, ఒక్కటి ఎక్కువ దిగినా రాయి వంకర పగులుతది. సమ్మెట దెబ్బకు గణగణ మోగితే రాయి మంచిది, బొద్దుగ వినిపిస్తే లోపల పగులున్నట్టు. అయిదేండ్లు ఎందుకు పట్టిందో నాకప్పుడు సమజైంది. ఒక్క పగులు కూడ లేని పెద్ద బండను చుట్టూరా విడిపించాలె. అంతమంది కొడుతుంటే ఉలుల మొనలు పోతనే ఉంటయి, కొలిమి ఆరకుండ కమ్మరోళ్లు పక్కనే ఉండాలె.

రాయి కొట్టుడు మా కులం పని కాదు, ఆ మాట ఒప్పుకోవాలె. అది వడ్డెరోళ్ల విద్య. మా నాయిన వాళ్ల దగ్గర నేర్చుకున్నోడే. (అదే విద్య చేసే వాళ్లు కర్ణాటకలో ఎస్సీలు, ఇక్కడ బీసీలు. సరిహద్దు దాటితే రాయి బరువు మారుతదా?) కాని ఎద్దుల కాడికి వచ్చేసరికి నాయిన నన్ను ఆపిండు.

"1400 ఎద్దులంటే 700 కాండ్లు. మెడకు కాడి కట్టనీకి వారు కావాలె. తోలేటోని చేతిల చెర్నకోల కావాలె. ఏండ్ల కొద్ది లాగితే ఎన్ని వార్లు తెగుతయి? ఎన్ని ఎద్దులు సస్తయి? సచ్చిన ఎద్దును ఎవలు గుంజుకపోయిన్రు?"

నేను మాట్లాడలేదు. ఏ పుస్తకంలోనూ లేదు, నేను రుజువు చూపలేను. కాని మా ఊర్ల ఎద్దు చస్తే కబురు ఏ గూడేనికి వచ్చేదో, ఆ తోలుతోనే మళ్లీ వారు కోసింది ఎవరో మా తాత చేతులు చూసి పెరిగిన నాకు తెలుసు.

మరునాడు పిల్లలతో లెక్క కట్టించిన. ఒక జత నిలబడనీకి పది అడుగులు పెట్టుకున్నా, 700 జతలు ఒకే వరుసలో కడితే 7000 అడుగులు. రెండు కిలోమీటర్ల పైనే. మొదటి జత చార్మినార్ కాడ ఉంటే చివరిది శాలిబండ దాటి ఉంటది. అట్ల కుదరదు. పక్కపక్కన వరుసలు కట్టి ఉండాలె, లేదా వంతులు మార్చి ఉండాలె. వడ్డెర పిలగాడు ఇంకో మాట అన్నడు. "ఎత్తు ఎక్కేటప్పుడు కాదు సార్, దిగేటప్పుడే కష్టం. రాయి ఎద్దుల మీదికి వస్తది. వెనక మోకులు పట్టి ఆపేటోళ్లు ఉండాలె." వాళ్ల ఇంట్ల ఉన్న చదువు అది. ఏ పరీక్షలోనూ దానికి మార్కులు లేవు.

ఈజిప్టు బొమ్మ ఒకటి వాళ్లకు చూపించిన. జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద సుమారు 3900 ఏండ్ల కింద వేసింది. పెద్ద విగ్రహాన్ని చక్రాలు లేని బల్ల మీద పెట్టి 172 మంది నాలుగు వరుసల్లో తాళ్లతో లాగుతుంటరు. బల్ల ముందు కొస మీద నిలబడ్డవాడు ఇసుక మీద నీళ్లు పోస్తుంటడు. అది ఏదో పూజ అని చాలాకాలం పండితులు అనుకున్నరు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగం చేసి, సరిపడ తడిపిన ఇసుక మీద లాగనీకి దాదాపు సగం బలం చాలని తేల్చిన్రు. ఈస్టర్ దీవి వాళ్లు కూడ తమ పెద్ద విగ్రహాలు నడిచి వచ్చినయని తరతరాలుగా చెప్తుంటే కట్టుకథ అన్నరు. తర్వాత ఒక ప్రయోగంలో 18 మంది తాళ్లు పట్టి, అటు ఇటు ఊపుకుంట, టన్నుల బరువున్న నమూనా విగ్రహాన్ని నిలబెట్టి నడిపించిన్రు. మా నాయినోళ్లు నిలబెట్టిన కడీని నడిపించేది అచ్చం అట్లనే.

ఇంటికి తెచ్చిన ఆ ఈజిప్టు బొమ్మను నాయిన కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూసిండు. "నీళ్లు పోసెటోన్ని సూపిస్తివి. కింద కావడి మోసుకొచ్చెటోళ్లను సూపియ్యకపోతివి" అన్నడు. నిజమే. కింద కుండలు మోసే మనుషులున్నరు. నేను ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసిన్నో, ఒక్కసారీ నా చూపు వాళ్ల మీద ఆగలేదు.

మన పట్నంల బుద్ధుడి కథ కూడ ఇట్లాంటిదే. రాయగిరి దగ్గర గుట్టలోంచి తీసిన ఒకే బండ. 1988లో 192 చక్రాల బండి మీద ఊరేగి వచ్చింది. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్ల పడవ ఒరిగి బుద్ధుడు నీళ్లల్ల పడ్డడు, పనివాళ్లు మునిగి చనిపోయిన్రు. 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టిన్రు. నేను పుట్టింది ఆ బుద్ధుడు మునిగిన ఏడే. చక్రాలు 192 అని చిన్నప్పటి నుంచి విన్న. మునిగినోళ్ల పేర్లు చెప్పినోళ్లు నాకెవ్వరూ కలవలేదు.

పోయిన చలికాలంల నాయినను మక్కా మసీదుకు తీసుకపోయిన. ముప్పై ఏండ్లకు పైగా పట్నంల ఉన్నడు, ఎన్నడూ లోపలికి పోలేదట. వాకిట్ల పావురాలు లేస్తుంటే వాటిని చూడలేదు. నమాజు చేసే హాలు బయటనే నిలబడి కమాన్ల దిక్కు, పైకప్పు దిక్కు చూసిండు. ఒక కంబం పక్కకు పోయి రాయి మీద అరచెయ్యి పెట్టి కిందికి జరిపిండు.

"మంచి రాయి" అన్నడు. "పొర లేదు."

చెప్పులు విడిచిన కాలు, మూడు వేళ్లు చెడిపోయింది, ఆ నాపరాళ్ల మీద ఆనించి వాకిట్ల నీళ్ల హౌజు దిక్కు తిరిగిండు. మనుషులు కాళ్లు చేతులు కడుక్కుంటున్నరు. కొంచెంసేపు అటే చూసి నన్నడిగిండు.

"గన్ని ఎద్దులకు పొద్దూకితే నీళ్లు ఎక్కడ తాపిన్రు రా? ఏ చెరువు కాడికి తోలుకపోయిన్రు? అది రాసిండా నీ ఫ్రెంచాయన?"

రాయలేదని చెప్పిన.

"అట్లయితే ఆ చెరువులు ఏడున్నయో సూద్దాం పా" అన్నడు.